పరిశోధనశాల నుండి పాశమైలారం దాకా

హైదరాబాదు నుండి ముంబయి పోయే రాజమార్గంలో పటాన్‌చెరు దాటిన తరువాత పాశమైలారం పారిశ్రామికవాడ వస్తుంది. తెల్లవారేసరికి అక్కడ షిఫ్టు బస్సులు బారులు తీరుతాయి. ప్రహరీగోడల వెనుక ఎత్తయిన ఉక్కు తొట్లు, వాటిని కలుపుతూ గొట్టాలు, ఆవిరి కక్కే పొగగొట్టాలు కనిపిస్తాయి. ఈ ప్రాంతపు కర్మాగారాలలో అనేకం మందులకు కావలసిన మూలద్రవ్యాలను తయారుచేస్తున్నవి. మన ఇంట్లో జ్వరానికో, రక్తపోటుకో వేసుకొనే మాత్ర ఇటువంటి చోటనుండే వచ్చి ఉండవచ్చును.

అయితే ఆ మాత్ర మొదట పుట్టినది ఇంత పెద్ద తొట్టిలో కాదు. ఎక్కడో ఒక ప్రయోగశాలలో, చేతిలో ఇమిడే గాజుబుడ్డిలో, కొద్ది గ్రాముల పరిమాణంలో అది పుట్టినది. గాజుబుడ్డికీ ఉక్కు తొట్టికీ మధ్య ఉన్న దారి చాలా పొడవైనది. ఆ దారి నడవడానికే సాంకేతిక విజ్ఞాన బదిలీ అని పేరు. విశ్వవిద్యాలయాలలో, ప్రభుత్వ పరిశోధనశాలలలో కనుగొన్న విషయాలు అంగడిలో సరుకులుగా ఎట్లా మారుతున్నవి? ఆ ప్రయాణంలో ఏది చేరవలసిన చోటికి చేరుతున్నది? ఏది దారిలో జారిపోతున్నది? ఈ ప్రశ్నలకు జవాబు వెదకడానికి మన ప్రాంతపు చరిత్రే చక్కని పాఠ్యగ్రంథం.

బదిలీ అనగా ఏమి?

ఒక ఆచార్యుడు కొత్త రసాయన పద్ధతిని కనుగొన్నాడనుకొందాము. దానికి ఆయన సంస్థ పేటెంటు తీసుకొంటుంది. పేటెంటు అనగా, కనుగొన్నదానిని దాచకుండా లోకానికి తెలియజేసినందుకు ప్రతిఫలంగా, కొంతకాలంపాటు ఇతరులు దానిని అనుమతి లేకుండా వాడకుండా ఆపగల హక్కు. ఆ తరువాత ఒక పరిశ్రమ ముందుకు వచ్చి ఆ పద్ధతిని వాడుకొనడానికి లైసెన్సు తీసుకొంటుంది. మొదట కొంత మొత్తం, పిమ్మట అమ్మకాలమీద రాయల్టీ అనే వంతు చెల్లిస్తుంది. కాగితంమీద చూస్తే వ్యవహారం ఇంతే.

కాని పేటెంటు పత్రం చదివినంత మాత్రాన వస్తువు తయారు కాదు. నలుగురికి అన్నం వండే ఇల్లాలికి ఎసరు కొలత, మంట పాళము తెలుసు. అదే చేతితో పెళ్లిలో నాలుగువందల మందికి గుండిగలో వండవలసి వస్తే ఆ కొలతలను నూరు రెట్లు చేసి ఊరుకుంటే చాలదు. అడుగు మాడుతుంది, నడుమ పలుకు మిగులుతుంది. పెళ్లివంటలు చేసే వంటవాడి విద్య వేరు. రసాయన పరిశ్రమలోనూ సరిగా ఇదే చిక్కు ఉన్నది.

విద్యార్థులు నల్లబల్లమీద లెక్కవేసి దీనిని చూడవచ్చును. ఒక్కొక్క అంచు 10 సెంటీమీటర్లు ఉన్న ఘనాకారపు పాత్ర ఒక లీటరు పడుతుంది. దాని ఆరు ముఖాల వైశాల్యం 600 చదరపు సెంటీమీటర్లు. అంచును పది రెట్లు పెంచి ఒక మీటరు చేస్తే పాత్ర 1,000 లీటర్లు పడుతుంది. కాని ముఖాల వైశాల్యం 60,000 చదరపు సెంటీమీటర్లే అవుతుంది. అనగా చిన్న పాత్రలో లీటరుకు 600 చదరపు సెంటీమీటర్ల గోడ ఉంటే, పెద్దపాత్రలో లీటరుకు 60 మాత్రమే. రసాయన చర్యలో వేడి పుట్టేది పదార్థమంతటిలోనూ. ఆ వేడి బయటికి పోయేది ముఖ్యంగా గోడలగుండా. కావున గాజుబుడ్డిలో గోరువెచ్చగా సాగిన చర్యే పెద్ద తొట్టిలో అదుపు తప్పి, ఒత్తిడి పెరిగి, పేలిపోవచ్చును. ఈ కారణంచేతనే గాజుబుడ్డికీ కర్మాగారానికీ నడుమ పైలట్ ప్లాంటు అనే మధ్య మజిలీ ఉంటుంది. అక్కడ కొన్ని పదుల, వందల లీటర్ల పరిమాణంలో పద్ధతిని పరీక్షిస్తారు. ఏ వేడి దగ్గర ఆపాలి, ఎంత మెల్లగా పోయాలి, ఎంతసేపు కలపాలి, మిగిలిన మడ్డిని ఏమి చేయాలి అన్న జ్ఞానమంతా అక్కడే పుడుతుంది. ఈ జ్ఞానంలో చాలాభాగం పేటెంటులో ఉండదు. పనిచేసిన మనుషుల చేతులలో, నోటుపుస్తకాలలో ఉంటుంది.

రెండు పాత కథలు

1909లో జర్మనీలోని కార్ల్స్‌రూహె సాంకేతిక విద్యాలయంలో ఆచార్య ఫ్రిట్జ్ హేబర్ గాలిలోని నత్రజనిని ఉదజనితో కలిపి అమ్మోనియాను చేసి చూపించాడు. బల్లమీద పట్టేంత ఉపకరణంలో చుక్కలు చుక్కలుగా అమ్మోనియా కారినది. బి.ఎ.ఎస్.ఎఫ్. కంపెనీ ఆ పద్ధతిని తీసుకొని కార్ల్ బాష్ అనే ఇంజనీరుకు అప్పగించినది. మొదట కట్టిన ఉక్కు గొట్టాలు మూడు నాలుగు రోజులకే పగిలిపోయినవి. అధిక పీడనంలో ఉదజని ఉక్కులోని కార్బన్‌ను తినివేస్తున్నదని బాష్ కనిపెట్టి, లోపల మెత్తని ఇనుప గొట్టమూ బయట రంధ్రాలు చేసిన ఉక్కు తొడుగూ పెట్టి ఆ చిక్కు విడదీశాడు. హేబర్ వాడిన అరుదైన ఆస్మియం బదులు సులభంగా దొరికే ఇనుము ఉత్ప్రేరకాన్ని కనుగొనడానికి ఆయన సహచరులు వేలకొలది ప్రయోగాలు చేయవలసివచ్చినది. 1913లో ఓపౌ అనే చోట కర్మాగారం నడిచినది. నేడు మన రైతు చల్లే యూరియాకు మూలం అదే.

రెండవ కథ కెనడాలోనిది. 1921-22లో టొరంటో విశ్వవిద్యాలయంలో బాంటింగ్, బెస్ట్, మెక్లియాడ్, కాలిప్ అనే నలుగురి కృషితో ఇన్సులిన్ వెలుగులోకి వచ్చినది. 1922 జనవరిలో మొదటి రోగికి దానిని ఇచ్చారు. మరి కొద్ది వారాలకే ఒక విచిత్రం జరిగినది. ఎక్కువ మొత్తంలో తయారుచేయబోతే ఇన్సులిన్ రావడమే మానివేసినది! దానిని శుద్ధి చేసిన కాలిప్‌కే తన పద్ధతి మళ్లీ చేతికి చిక్కలేదు. కొన్ని నెలలు శ్రమించి వారు ఆ కీలకాన్ని తిరిగి పట్టుకొన్నారు. పెద్దయెత్తున తయారుచేయడానికి ఎలై లిల్లీ అనే మందుల కంపెనీ సహాయం తీసుకొన్నారు. కాలిప్, బెస్ట్, బాంటింగులు పేటెంటు హక్కును ఒక్కొక్క డాలరుకు విశ్వవిద్యాలయానికి ఇచ్చివేశారు. ఏ ఒక్క కంపెనీయో దానిని గుప్పిట్లో పెట్టుకొనకుండా చూడడమే వారి ఉద్దేశం.

ఈ రెండు కథలూ చెప్పే నీతి ఒకటే. కనుగొనడం సగం పని. మిగిలిన సగం మరెవరో, మరొక చోట, మరొక విద్యతో చేయవలసి ఉంటుంది.

హైదరాబాదు ప్రయోగశాలలు

మన ప్రాంతంలో ఈ కథ 1944లో మొదలైనదని చెప్పవచ్చును. ఆ సంవత్సరం నాటి హైదరాబాదు రాష్ట్ర ప్రభుత్వం విజ్ఞాన, పారిశ్రామిక పరిశోధనకై కేంద్ర ప్రయోగశాలలను స్థాపించినది. 1956లో వాటిని జాతీయ విజ్ఞాన, పారిశ్రామిక పరిశోధన మండలి తీసుకొని ప్రాంతీయ పరిశోధనశాల అని పేరు పెట్టినది. ఉస్మానియా విశ్వవిద్యాలయం పక్కనే, తార్నాకలో ఉన్న ఆ సంస్థ 1989 నుండి భారతీయ రసాయన సాంకేతిక సంస్థ అని పిలువబడుతున్నది. డాక్టర్ సయ్యద్ హుసేన్ జహీర్ చాలాకాలం దానికి డైరెక్టరుగా ఉండి పిమ్మట దేశమంతటి పరిశోధన మండలికి నాయకత్వం వహించారు. బొగ్గు, నూనెలు మొదలైన స్థానిక వనరులను పరిశ్రమకు పనికివచ్చేటట్లు చేయడం ఆ సంస్థ తొలినాటి కృషిలో ముఖ్యభాగం. ప్రభుత్వ పరిశోధనశాలల ఫలితాలను పరిశ్రమలకు లైసెన్సుగా ఇవ్వడానికి 1953లోనే జాతీయ పరిశోధనాభివృద్ధి సంస్థ ఏర్పడినది.

అయినా కొంతకాలంపాటు పరిశోధనశాలలు ఒకవైపు, పరిశ్రమలు ఒకవైపు ఉండిపోయినవి. తీసుకొనే చేతులు లేనప్పుడు ఇచ్చే చేతులు ఎంత చాచినా ప్రయోజనం లేదు. ఆ లోటును తీర్చినవి రెండు సంఘటనలు. మొదటిది, 1961లో భారత ఔషధ సంస్థ, అనగా ఐ.డి.పి.ఎల్., ఏర్పడడం. సోవియట్ సహకారంతో దాని సంశ్లేషిత ఔషధాల కర్మాగారాన్ని హైదరాబాదులోని బాలానగర్‌లో నిర్మించారు. తరువాతి కాలంలో ఆ కర్మాగారం నష్టాలలో మునిగి మూతపడినది. కాని అది మందులతోపాటు మనుషులను కూడా తయారుచేసినది. వందలకొలది రసాయన శాస్త్రజ్ఞులు, ఇంజనీర్లు పెద్ద తొట్ల విద్యను అక్కడ నేర్చుకొన్నారు.

రెండవది, 1970 పేటెంటు చట్టం. 1972లో అమలులోకి వచ్చిన ఈ చట్టం మందుల విషయంలో పదార్థానికి కాక, దానిని తయారుచేసే పద్ధతికి మాత్రమే పేటెంటు ఇచ్చినది. అదే మందును వేరొక దారిలో తయారుచేయగలవానికి అడ్డులేదు. దీనితో కొత్త దారులు కనుగొనగల రసాయన శాస్త్రజ్ఞుని విలువ ఒక్కసారిగా పెరిగినది. పరిశోధనశాల తలుపు తట్టవలసిన అవసరం పరిశ్రమకు కలిగినది. 2005లో పదార్థానికి కూడా పేటెంటు ఇచ్చే విధానం వచ్చేవరకు ఈ స్థితి కొనసాగినది.

విద్యను మోసుకొనిపోయిన మనుషులు

తాడేపల్లిలో పసుపు పండించే రైతు కుటుంబంలో పుట్టిన కల్లం అంజిరెడ్డి గారి జీవితం ఇందుకు ఉదాహరణ. ఆయన బొంబాయి విశ్వవిద్యాలయపు రసాయన సాంకేతిక విభాగంలో చదివి, పూనాలోని జాతీయ రసాయన ప్రయోగశాలలో డాక్టరేటు పొంది, 1969లో ఐ.డి.పి.ఎల్.లో చేరారు. ఆరేళ్ల తరువాత ఆ ఉద్యోగం వదలి స్వయంగా పరిశ్రమలు ప్రారంభించారు. 1984లో తన పేరిట సంస్థను స్థాపించి, పటాన్‌చెరుకు దగ్గరలోని బొల్లారంలో రక్తపోటు మందైన మిథైల్ డోపాను తయారుచేశారు. ఆయనవలెనే ఐ.డి.పి.ఎల్. నుండి బయటికి వచ్చినవారు ఎందరో ఈ చుట్టుపక్కల పరిశ్రమలు పెట్టారు. జీడిమెట్ల, బొల్లారం, పటాన్‌చెరు, పాశమైలారం వాడలు మందుల పరిశ్రమకు పేరుపడడానికి ఇది ఒక ముఖ్య కారణం. ఈ బదిలీలో లైసెన్సు పత్రాలకన్న ఉద్యోగం మారిన మనుషులే ఎక్కువ విద్యను మోసుకొనిపోయారు.

నేరుగా ప్రభుత్వ పరిశోధనశాల నుండి పరిశ్రమకు పోయిన పద్ధతికి జిడోవుడిన్ మంచి ఉదాహరణ. ఈ పదార్థాన్ని 1964లో అమెరికాలో జెరోమ్ హార్విట్జ్ క్యాన్సరు మందుగా ఆశించి తయారుచేశాడు. అది క్యాన్సరుకు పనికిరాలేదు. 1987లో అదే ఎయిడ్స్ వ్యాధికి అనుమతి పొందిన మొదటి మందు అయినది. కాని సామాన్యునికి అందని ధర! డాక్టర్ ఎ. వి. రామారావు గారు తార్నాకలోని సంస్థకు డైరెక్టరుగా ఉన్న కాలంలో అక్కడ ఈ మందును తయారుచేసే పద్ధతిని రూపొందించారు. బొంబాయిలోని సిప్లా కంపెనీ దానిని తీసుకొని 1990 దశకపు తొలి సంవత్సరాలలో మందును మార్కెట్టులోకి తెచ్చినది. 2001లో మూడు ఎయిడ్స్ మందుల మిశ్రమాన్ని మనిషికి ఏడాదికి 350 డాలర్లకు ఇస్తామని అదే కంపెనీ ప్రకటించినప్పుడు ప్రపంచం ఆశ్చర్యపడినది. అప్పటికి ధనిక దేశాలలో ఆ చికిత్సకు పదివేల డాలర్లు దాటేది.

విశ్వవిద్యాలయపు పాత్ర మరొక కథలో స్పష్టంగా కనిపిస్తుంది. కామెర్లు తెచ్చే హెపటైటిస్-బి వ్యాధికి టీకా అప్పట్లో విదేశాల నుండే వచ్చేది, సామాన్యుని కొనుగోలుకు మించి ఉండేది. ఎలక్ట్రానిక్సు ఇంజనీరైన కె. ఐ. వరప్రసాదరెడ్డి గారు ఆ విద్యను విదేశాల నుండి కొనబోతే దొరకలేదు. 1993లో ఆయన శాంతా బయోటెక్నిక్స్ అనే సంస్థను స్థాపించారు. సొంత ప్రయోగశాల లేని ఆ సంస్థకు ఉస్మానియా విశ్వవిద్యాలయం తన ఆవరణలో చోటు ఇచ్చినది. పిమ్మట హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం ఆశ్రయమిచ్చినది. వ్యాధికారక వైరసు పైపొరలోని మాంసకృత్తును తయారుచేసే జన్యువును ఒక జాతి ఈస్టులో ప్రవేశపెట్టి, ఆ ఈస్టును పెంచి, మాంసకృత్తును వేరుచేసి టీకాగా మలచారు. 1997 ఆగస్టులో ఆ టీకా విడుదలైనది. దిగుమతి టీకాల ధరలు దిగివచ్చినవి. ఇక్కడ విశ్వవిద్యాలయం పేటెంటును అమ్మలేదు. గది ఇచ్చినది, పరికరాలు ఇచ్చినది, ప్రశ్న అడిగితే జవాబు చెప్పే పండితులను పొరుగున ఉంచినది. ఇది కూడా బదిలీయే.

దారిలో జారిపోయినది

ఇంతవరకు చెప్పినది వెలుగు వైపు. నాణేనికి రెండవ వైపు చూడకపోతే చరిత్ర పూర్తికాదు.

గాజుబుడ్డిలో ప్రయోగం ముగిశాక మిగిలే మడ్డి చెంచాడు. కర్మాగారంలో అది రోజుకు ట్యాంకర్లకొద్దీ వస్తుంది. మందును చేసే పద్ధతిని శ్రద్ధగా మోసుకొని వచ్చిన పరిశ్రమ, మడ్డిని శుద్ధిచేసే విద్యను అంత శ్రద్ధగా తేలేదు. పటాన్‌చెరు ప్రాంతపు మురుగు నక్కవాగు గుండా మంజీరా నదిలోకి చేరి, ఆ వాగు ఒడ్డు పల్లెల రైతులు బావులు, పొలాలు పాడైనవని ఏళ్ల తరబడి న్యాయస్థానాల చుట్టూ తిరిగారు. పరిశ్రమలన్నిటికీ ఉమ్మడిగా మురుగుశుద్ధి కేంద్రం వచ్చినది. కాని 2007లో స్వీడన్ శాస్త్రజ్ఞుడు యోకిం లార్సన్ బృందం ఆ కేంద్రంనుండి వెలువడిన శుద్ధిచేసిన నీటిని పరీక్షించి ఫలితాలు ప్రకటించినది. లీటరు నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నది. ఆ మందు వాడే రోగి రక్తంలో ఉండే మోతాదుకన్న ఇది హెచ్చు. ఇటువంటి నీటిలో బతకడం నేర్చిన సూక్ష్మజీవులు మందుకు లొంగడం మానివేస్తాయి. రోగాన్ని కుదర్చడానికి చేసిన మందు, మురుగులో కలిసి ఆ మందునే పనికిరాకుండా చేయగలదన్నమాట.

ఇంకొకటి ఉన్నది. మొదట చెప్పిన ఓపౌ కర్మాగారంలోనే 1921 సెప్టెంబరు 21న ఘోరమైన ప్రేలుడు జరిగి అయిదువందలమందికి పైగా మరణించారు. గట్టిపడిన ఎరువు గుట్టలను వదులు చేయడానికి కార్మికులు చిన్న చిన్న మందుగుండును పేల్చేవారు. ఎన్నోసార్లు అట్లా చేసినా ఏమీ కాలేదు కనుక భయంలేదని నమ్మారు. ఆ నాడు గుట్టే పేలినది. పదేళ్లలో గాలి నుండి ఎరువును తీయడం నేర్చిన పరిశ్రమ, ఆ ఎరువు స్వభావాన్ని గుట్ట దగ్గర నిలబడిన మనిషిదాకా చేర్చలేకపోయినది.

నూటనాలుగేళ్ల తరువాత, 2025 జూన్ 30న, పాశమైలారంలోని ఒక ఔషధ పదార్థాల కర్మాగారంలో ప్రేలుడు సంభవించి నలభైమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. వారిలో అనేకులు బీహారు, ఒడిశా, ఉత్తరప్రదేశ్ వంటి రాష్ట్రాల నుండి పొట్ట చేతపట్టుకొని వచ్చినవారు. ఆ ప్రమాదానికి కారణాలు నిర్ణయించడం ఈ వ్యాసపు పని కాదు. కాని విజ్ఞాన బదిలీని గురించి మాట్లాడే ఎవరైనా ఒక ప్రశ్న వేసుకొనక తప్పదు. ఒక పద్ధతి ప్రయోగశాల నుండి కర్మాగారానికి వచ్చినప్పుడు, దానిలోని అపాయాన్ని గురించిన జ్ఞానం ఎంతమందిదాకా వచ్చినది? యజమానిదాకానా, మేనేజరుదాకానా, తొట్టి పక్కన రాత్రి షిఫ్టులో నిలబడిన మనిషిదాకానా? ఏ వేడి దగ్గర ఆపాలో వ్రాసిన కాగితం ఏ భాషలో ఉన్నది? అతడు దానిని చదవగలడా? చదివి, ఇది ఎందుకు అని అడగగలడా?

నేటి పరిస్థితి

అమెరికాలో 1980లో వచ్చిన ఒక చట్టం, ప్రభుత్వ ధనంతో చేసిన పరిశోధనలపై విశ్వవిద్యాలయాలు పేటెంటు హక్కు పొందడానికి వీలుకల్పించినది. పిమ్మట అక్కడి విశ్వవిద్యాలయాలు బదిలీ కార్యాలయాలను విస్తారంగా తెరిచినవి. అటువంటి బిల్లును మన దేశంలో 2008లో పార్లమెంటులో ప్రవేశపెట్టారు గాని అది చట్టం కాలేదు. ప్రజాధనంతో పుట్టిన విజ్ఞానాన్ని ఒక్కరికే కట్టబెట్టడం న్యాయమా, అట్లా కట్టబెట్టనిదే ఏ పరిశ్రమ పెట్టుబడి పెడుతుంది అన్న వాదం ఇంకా తెగలేదు.

దీనికి పొరుగునే ఒక నడిమి మార్గం ఉన్నది. 1972లో పటాన్‌చెరులో స్థాపించిన అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ, ఇక్రిశాట్, జొన్న, సజ్జ, కంది వంటి పంటలమీద పనిచేస్తున్నది. 2000లో అది విత్తన కంపెనీలతో ఒక ఉమ్మడి ఏర్పాటు చేసినది. కంపెనీలు చందా చెల్లిస్తాయి. సంకర విత్తనాలకు కావలసిన తల్లిదండ్రి వంగడాలను సంస్థ నుండి పొందుతాయి. ఏ ఒక్కరికీ గుత్తాధిపత్యం లేదు. ప్రభుత్వ సంస్థలకు ఆ వంగడాలు దూరం కావు. జిల్లాలోనే కందిలో ఉన్న ఐ.ఐ.టి. 2008లో ప్రారంభమై తన విద్యార్థులు, ఆచార్యులు సొంత సంస్థలు పెట్టుకొనడానికి ప్రోత్సాహం ఇస్తున్నది. పరిశోధనశాల, పొలం, కర్మాగారం, మూడూ ఒక్క బస్సు ప్రయాణంలో చూడగల జిల్లా ఇది.

చివరి మజిలీ

లైసెన్సు పత్రంమీద సంతకం కాగానే బదిలీ పూర్తి అయినదని ఒకరు అంటారు. సరుకు అంగడికి రాగానే అని మరొకరు అంటారు. ఈ చరిత్ర చెప్పేది వేరు. ప్రయోగశాలలోని పరిశోధకునికి ఆ పద్ధతిని గురించి ఏమి తెలుసో, అందులో ప్రాణానికీ నీటికీ సంబంధించినదంతా, తొట్టి పక్కన నిలబడిన మనిషికీ వాగు ఒడ్డున ఉన్న రైతుకూ తెలిసిననాడే బదిలీ పూర్తి అయినట్లు. టొరంటోలో ఒక డాలరుకు హక్కు ఇచ్చివేసిన పరిశోధకులు ధర విషయంలో ఆలోచించారు. భద్రత విషయంలో, మురుగు విషయంలో అంతే శ్రద్ధతో ఆలోచించడం మన తరంమీద ఉన్న బాకీ.

ఇందులో ఉన్నత పాఠశాల ఉపాధ్యాయునికి పని లేదని ఎవరూ అనుకోరాదు. షిఫ్టు బస్సు దిగివచ్చే తండ్రుల పిల్లలు ఈ ప్రాంతపు బడులలో చదువుకొంటున్నారు. వారిలో కొందరు రేపు పరిశోధకులవుతారు, కొందరు అదే తొట్టి పక్కన నిలబడతారు. లీటరుకు 600 చదరపు సెంటీమీటర్లు 60 ఎందుకయినదో ఆ ఇద్దరికీ తెలియాలి. తమ భాషలో తెలియాలి. నల్లబల్లమీద ఆ లెక్క వేయడానికి అయిదు నిమిషాలు చాలును.